కొండమీది విడిది - వెంట కుక్క

వేసవి సెలవులలో ఇంటిల్లిపాదియు ప్రయాణమైనపుడు, పెంపుడు కుక్కను ఎవరికి అప్పగింతుమన్నది పెద్ద చిక్కు. వెంట గొనిపోదలచినచో హార్స్లీ కొండ తగిన తావు.

మదనపల్లెకు చేరువనున్న ఈ కొండకు పూర్వనామము ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ కథ ఆ పేరులో నిలిచినది. 19వ శతాబ్దిలో కడప కలెక్టరు డబ్ల్యు. డి. హార్స్లీ ఇచట వేసవి విడిది కట్టించుకొనెను. ఎత్తు 1,000 మీటర్లు పెరిగినచో వేడిమి సుమారు 6 డిగ్రీలు తగ్గును. మదనపల్లె 700 మీటర్ల ఎత్తున నుండగా, కొండ 1,200 మీటర్లకు మించినది. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటచేతనే అది వేడిని బాపుకొనును. కావున ఈ చల్లదనము దానికి మనకన్నను హితము.

అయితే త్రోవలో కారు అద్దములు మూసి దానిని లోపల విడిచిపోరాదు. ఎండలో కొలది నిమిషములకే ప్రాణాపాయము కలుగును. విడిదిలో కుక్కను రానిత్తురో లేదో ముందుగనే విచారింపవలెను.

కొండచుట్టును అడవియే. అచట గొలుసు విప్పరాదు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటి అడవిలో డిస్టెంపరు వ్యాధిచే దాదాపు మూడవవంతు సింహములు మరణించెను. ఆ వ్యాధి ఊరికుక్కల నుండి వచ్చినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. కావున డిస్టెంపరునకును, పిచ్చికుక్క వ్యాధికిని బయలుదేరుటకు కొన్ని వారములు ముందే టీకాలు వేయింపవలెను. తిరిగి వచ్చిన పిదప చెవులలోను, వ్రేళ్ల సందులను పిడుదులున్నవేమో వెదకవలెను.

మనకు నాలుగు నాళ్ల విడిదియైన కొండ, మృగములకు పుట్టినిల్లు. అతిథి మర్యాద మన కుక్కకును నేర్పుదము.