అటకపై చిన్న స్నానపుగది, మరుగుదొడ్డి

ఇంటి పైకప్పుకును, క్రింది గది కప్పుకును నడుమనున్న చోటును అటక అందురు. పామూరు, కనిగిరి, మార్కాపురం ప్రాంతపు ఇండ్లలో ధాన్యమును, జాడీలను, వాడని సామానును దాచుటకు ఇట్టి చోటు ఉపయోగపడును. కుటుంబము పెరిగి స్థలము చాలనపుడు పెంకుటింటి అటకనో, మిద్దెమీది రేకుల గదినో పడకగదిగా మార్చుకొనుట కలదు. అప్పుడు ముసలివారును, పిల్లలును రాత్రివేళ మెట్లు దిగి పెరటికి పోవలసివచ్చును. గదిని ఆనుకొని చిన్న స్నానపుగదిని, మరుగుదొడ్డిని కట్టినచో ఈ కష్టము తీరును. కాని దీనిని కట్టుటకు ముందు ఎత్తు, బరువు, నీరు, మలినము పోవు దారి అను నాలుగింటిని లెక్కించి చూడవలెను.

ఎత్తు

స్నానపుగది, మరుగుదొడ్డి కలిసియున్నపుడు వైశాల్యము 2.8 చదరపు మీటర్లకును, వెడల్పు 1.2 మీటర్లకును, ఎత్తు 2.1 మీటర్లకును తగ్గరాదని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెప్పుచున్నది. వాలు కప్పు క్రింద ఈ ఎత్తు అంతటను దొరకదు. కప్పు 30 డిగ్రీల వాలులో ఉన్నదనుకొందము. గోడనుండి ఒక మీటరు లోపలికి పోయినచో ఎత్తు 58 సెంటీమీటర్లు పెరుగును. గోడవద్ద ఎత్తు 1.2 మీటర్లు అయినచో, 2.1 మీటర్ల ఎత్తు దొరకుటకు గోడనుండి సుమారు 1.56 మీటర్లు లోపలికి రావలెను. కావున మనిషి నిలిచి స్నానము చేయు చోటును ఎత్తైన వైపునను, బకెట్లు, గూళ్లు ఉండు చోటును పల్లపు వైపునను ఏర్పరచవలెను. మరుగుదొడ్డి పళ్లెము వెనుక భాగము పల్లపు వైపున ఉండవచ్చును. కాని లేచునపుడు తల ముందుకును, పైకిని కదలును గనుక దాని ముందుభాగమున నిండు ఎత్తు ఉండి తీరవలెను.

బరువు

గొట్టములను దాచుటకు నేలను 20 సెంటీమీటర్లు లోతుచేసి ఇటుకముక్కలతో నింపుట వాడుక. 2.8 చదరపు మీటర్ల గదిలో ఈ పూడిక ఒక్కటే సుమారు 900 కిలోల బరువు తూగును. 500 లీటర్ల నీటితొట్టి మరియొక 500 కిలోలు. దూలములపై నిలిచిన పాత మట్టిమిద్దె దీనిని భరించునో లేదో ఇంజనీరు చూచి చెప్పవలసినదే. తొట్టిని గది నడుమ గాక, బరువు మోయు గోడలపై నిలుపుట మేలు. పూడికను మానుటకు గొట్టమును బయటి గోడగుండా నేరుగా దింపవచ్చును. మార్కాపురము పలకరాయి నీటిని అంతగా పీల్చదు గనుక నేలకు తగినది. అయితే నునుపుచేసిన రాయి తడిలో జారును. గరుకు ముఖము పైకి ఉండవలెను.

నీరు

నీటిమట్టము 10 మీటర్ల ఎత్తున ఉన్నచో చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో పీడనము కలుగును. అటకమీది తొట్టి కొళాయికంటె ఒక్క మీటరే ఎత్తుగా ఉన్నచో పీడనము అందులో పదవ వంతు మాత్రమే. దానితో జల్లుస్నానము సరిగా సాగదు. కొళాయి, బకెట్టు చాలును.

ఈ మెట్టప్రాంతమున ప్రతి బిందెకును విలువ ఉన్నది. అయిదుగురు దినమునకు నాలుగేసి మారులు వాడినచో, 10 లీటర్ల పాతరకపు తొట్టికి 200 లీటర్లు ఖర్చగును. 6 లీటర్లు, 3 లీటర్లు వదలు రెండు మీటల తొట్టిని ప్రతివారును ఒకమారు పెద్దమీటతోను, మూడుమార్లు చిన్నమీటతోను వాడినచో 75 లీటర్లతో పని జరుగును. మిగిలిన 125 లీటర్లు దాదాపు ఎనిమిది బిందెలు. ఫ్లోరైడు ఎక్కువైన బోరునీరు త్రాగుటకు పనికిరాకున్నను దొడ్డిని కడుగుటకు పనికివచ్చును. త్రాగునీటి గొట్టమును మాత్రము దీనితో కలుపరాదు.

నీటి బిరడా

పళ్లెము క్రింది వంపు గొట్టములో ఎల్లప్పుడు నిలిచియుండు నీరే దుర్వాసనను, హైడ్రోజన్ సల్ఫైడు వంటి వాయువులను, పురుగులను అడ్డగించు బిరడా. లండనులో గడియారములు చేయు అలెగ్జాండర్ కమ్మింగ్ 1775లో ఇట్టి వంపుగల మరుగుదొడ్డికి పేటెంటు పొందెను. పల్లెల పళ్లెములకు 20 మిల్లీమీటర్ల బిరడా పెట్టుట కలదు. అందువలన 2 లీటర్ల నీరే చాలును. కాని పైఅంతస్తునుండి నీరు నిట్టనిలువుగా దూకునపుడు గొట్టములోని గాలిని వెంట లాగుకొనిపోవును. ఆ లాగుటలో బిరడానీరు కూడ పోవచ్చును. కనుక అటకమీద 50 మిల్లీమీటర్ల బిరడాయును, కప్పుపైకి సాగిన గాలిగొట్టమును అవసరము. గాలిగొట్టము కొనకు దోమలు చొరని వల బిగించవలెను. వేసవిలో కొన్నాళ్లు వాడకున్నచో బిరడా ఎండిపోవును. వచ్చినవెంటనే నీరు పోయవలెను.

గుంట

రెండు ఇంకుడుగుంటలను వంతులవారీగా వాడు పద్ధతిని 1970లో సులభ్ సంస్థను స్థాపించిన బిందేశ్వర్ పాఠక్ దేశమంతట ప్రచారము చేసెను. ఒక గుంట నిండగానే మలినమును రెండవదానికి మళ్లింతురు. మొదటిది ఏడాదిన్నర, రెండేండ్లలో ఎరువుగా మారును. స్నానపు నీటిని ఈ గుంటలోనికి విడువరాదు. దానికి వేరు గొట్టము పెట్టి చెట్లకు పారించవచ్చును. చీలికలుగల బండనేలలో మురికి చాలదూరము పోగలదు గనుక బావికి, బోరుకు గుంటను వీలైనంత దూరముగా, పల్లపు వైపున త్రవ్వవలెను.

పూర్వము నీటి బిరడా లేని దొడ్లనుండి మలమును మనుష్యులే ఎత్తి మోసెడివారు. 1993, 2013 సంవత్సరముల చట్టములు దీనిని నిషేధించినవి. సెప్టిక్ తొట్టిలోనికి రక్షణ లేకుండ మనిషిని దింపుటయు నేరమే. గొట్టములను, గుంటలను మొదటనే సరిగా అమర్చిన ఇంట ఎవరికిని ఆ దుస్థితి కలుగదు.

తరగతిలో ప్రయోగము

పారదర్శకమైన గొట్టమును వంపుగా పట్టి రంగునీరు పోయవలెను. ఒక కొనవద్ద మెల్లగా ఊదిన నీరు రెండవవైపు లేచును; రెండు మట్టముల తేడాయే ఊదిన గాలి పీడనమునకు కొలత. తేడా పెరిగి నీరు వంపు అడుగుకు దిగగానే గాలి బుడగలై అవతలకు పోవును. 20 మిల్లీమీటర్ల బిరడా ఎంత త్వరగా ఓడునో, 50 మిల్లీమీటర్లది ఎంత నిలుచునో విద్యార్థులు కన్నులార చూడగలరు.