పక్క గదిలో ఫోను

మా అక్క కొడుకు ఇక్కడ డాలస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. "మామయ్యా, ఫోను సైలెంట్‌లోనే పెడుతున్నా, అయినా చదివింది బుర్రకెక్కడం లేదు" అన్నాడు మొన్న.

ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం వారు 2017లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. దాదాపు 800 మంది చేత ఫోన్లు సైలెంట్‌లో పెట్టించారు. కొందరివి ఎదురుగా బల్ల మీద బోర్లా, కొందరివి జేబులోనో సంచిలోనో, కొందరివి పక్క గదిలో. లెక్కలు చేస్తూనే అక్షరాలు గుర్తుపెట్టుకునే పరీక్షలో, పక్క గదిలో పెట్టినవాళ్ళు బల్ల మీద పెట్టినవాళ్ళ కంటే బాగా చేశారు. ఫోను మోగకపోయినా, దాని మీదికి మనసు పోకుండా ఆపుకోవడానికే కొంత శక్తి ఖర్చవుతుందని వారి వివరణ. మా ఐటీ వాళ్ళ భాషలో, కనిపించకుండా నడిచే ప్రోగ్రాము మెమరీ తినేసినట్టు. తర్వాత ఇదే పరీక్ష పెట్టిన అందరికీ ఇంత తేడా కనిపించలేదు, అదీ చెప్పాలి.

మావాడికి చెబితే, "మరి అమ్మ ఫోన్ చేస్తే?" అన్నాడు. వేసవిలో ఇక్కడ రాత్రి తొమ్మిదంటే గుంటూరులో పొద్దున్న ఏడున్నర. అక్క కాఫీ టైమూ, వీడు పుస్తకం తీసే టైమూ ఒకటే! వెంటనే ఎత్తకపోతే ఆవిడకి కంగారు. తప్పు పట్టలేం.

అక్కతో మాట్లాడాను. ఇప్పుడు ఫోను వంటింట్లో పెట్టి, చదువయ్యాక పదిన్నరకి వీడే చేస్తున్నాడు. నిన్న పదకొండయింది. అక్క నాకు చేసింది.