ఏర్చి కూర్చుట: అంతర్జాల పాఠాలలో ఒక విద్య

వరదలో నీటికి కొదువ ఉండదు. త్రాగు నీటికే కొదువ. అంతర్జాలములో చదువుకొనే విద్యార్థి ఇబ్బంది కూడ ఇటువంటిదే. సమాచారము లేక కాదు, మితిమీరి ఉండుటవలన అతడు దారి తప్పుతాడు. దీనికి విరుగుడు ఏమి?

2008లో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయము నడిపిన ఒక కోర్సులో ఈ ప్రశ్న ఎదురైనది. జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ దాని బోధకులు. రుసుము చెల్లించి చేరినవారు సుమారు 25 మంది. ఉచితముగా చేరినవారు 2,000 మందికి పైమాటే. ఇటువంటి కోర్సులకు 'మూక్' అనే పేరు ఆ ఏడాదే వచ్చినది. ఇంతమంది ఒకచోట కూడి చర్చించుట కష్టము. కనుక చాలమంది ఎవరి బ్లాగులో వారు వ్రాసి, ఆ వ్రాతలకు 'సిసికె08' అనే ఒకే గుర్తును తగిలించారు.

వీటిని చేర్చే పని యంత్రానిది. ప్రతి బ్లాగు తన క్రొత్త వ్రాతల పేరు, తేదీ, చిరునామాలను ఒక జాబితాగా ఉంచుతుంది. దీనిని 'ఫీడు' అంటారు. డౌన్స్ తయారుచేసిన ప్రోగ్రాము ఈ ఫీడులను చదివి, క్రొత్త వ్రాతలను పోగుచేసేది. అవి దినలేఖగా ఈ-మెయిలులో అందేవి.

అయితే చేర్చుట వేరు, ఏర్చుట వేరు. కళ్లములో కుప్ప వేసినంతమాత్రాన గింజ, తాలు విడిపోవు, తూర్పారబట్టవలెను. ఇటువంటి చదువుకు డౌన్స్ నాలుగు మెట్లు చెప్పాడు: సేకరించుట, ఒకదానితో ఒకటి కలిపి చూచుట, సొంతముగా క్రొత్తది చేయుట, పదిమందితో పంచుకొనుట. మొదటి మెట్టుకు యంత్రము చాలును. తక్కినవి విద్యార్థి తానే ఎక్కవలెను.

నేటి సామాజిక మాధ్యమాలు కూడ మనకొరకు ఏర్చి చూపుతున్నవి. కాని వాటి కొలబద్ద ముఖ్యముగా మనము ఎంతసేపు చూస్తామన్నదే. చూచినది నిజమా, కాదా అన్నది కాదు. గ్రహణవేళ అన్నము విషమవుతుందన్న మాట, సూర్యగ్రహణము చంద్రుని నీడవలన కలుగుతుందన్న వివరణ, రెండూ ఒకే తెరపై ప్రక్కప్రక్కనే కనబడవచ్చును.

ఉపాధ్యాయుడు దీనినే పాఠముగా మలచవచ్చును. వారానికొక అంశము ఇచ్చి, ప్రతి విద్యార్థిని ఒక్క వ్రాతను మాత్రమే ఎన్నుకొమ్మనవలెను. దానిని ఎవరు వ్రాశారు? ఎప్పుడు? ఆధారమేమి? ఈ మూడింటికి జవాబులతోపాటు, తాను గ్రహించినది సొంతమాటలలో రెండు వాక్యాలు వ్రాయించవలెను. నలభైమంది తెచ్చినవి కూర్చితే తరగతికి ఒక చిన్న గ్రంథము తయారవుతుంది. అంతకంటె విలువైనది, దేనిని ఎందుకు వదలిపెట్టినదీ ప్రతివారికి తెలియుట.