మంట దూరని సందు

కారం మిల్లులో మోటారు చూసిన కంటికి సాల్వెంట్ ప్లాంటులో మోటారు కాస్త విడ్డూరంగా కనిపిస్తుంది. అదే గుర్రపుబలం, అదే పని, బరువు మాత్రం ఎక్కువ. తీగలు కలిసే డబ్బాకు మందపాటి పోత లోహపు గోడలు, మూత చుట్టూ వెడల్పాటి అంచు, ఆ అంచు పొడవునా దగ్గర దగ్గరగా బోల్టులు. ఎలక్ట్రీషియన్లు దీన్ని ఎఫ్‌ఎల్‌పీ అంటారు, అంటే ఫ్లేమ్‌ప్రూఫ్. ఇంత బందోబస్తు చూసి లోపలికి గాలి కూడా దూరదనుకుంటాం. దూరుతుంది. దూరుతుందని తెలిసే దాన్ని అలా చేశారు.

గుంటూరు పత్తి కథ జిన్నింగు మిల్లుతో అయిపోదు. దూది విడిపోయాక మిగిలే గింజ బరువులో ఐదో వంతుకు అటూ ఇటూగా నూనె ఉంటుంది. ఎక్స్‌పెల్లర్లో ఎంత పిండినా చెక్కలో ఆరేడు శాతం నిలిచిపోతుంది. ఆ చెక్కను సాల్వెంట్ ప్లాంటులో హెక్సేన్ అనే ద్రావకంతో కడిగితే అది ఒక శాతం దాకా దిగుతుంది. మిరపకాయ నుంచి ఘాటునూ రంగునూ లాగే ఓలియోరెసిన్ ప్లాంట్లదీ ఇదే విద్య, ద్రావకం వేరు కావచ్చు. హెక్సేన్ పెట్రోలుకు దగ్గర చుట్టం. దాని ఆవిరి గాలికన్నా మూడు రెట్లు బరువు కాబట్టి పైకి లేవదు, నేల మీద పాకి కాలువల్లో గుంతల్లో మకాం వేస్తుంది. గాలిలో నూటికి ఒక పాలు దాటితే చాలు, రవ్వ తగిలిన క్షణాన అంటుకుంటుంది. స్విచ్ వేసిన ప్రతిసారీ లోపల రవ్వ పుడుతూనే ఉంటుంది.

ఈ డబ్బా పుట్టిల్లు బొగ్గు గని. 1812లో ఇంగ్లండులోని ఫెల్లింగ్ గని పేలి 92 మంది పోయారు. మూడేళ్ల తర్వాత శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఒక సంగతి పట్టుకున్నాడు: సన్నటి లోహపు గొట్టంలో దూరిన మంట అవతలికి రాదు. మంటకు వేడే ప్రాణం, లోహం ఆ వేడిని లాగేస్తుంది. గొట్టాల బదులు గని దీపం చుట్టూ సన్నని తీగజల్లెడ కట్టాడు. పేటెంటు తీసుకోలేదు. దీపం వచ్చాక ప్రమాదాలు తగ్గాలి కదా, పెరిగాయి! దీపం ఉందన్న ధీమాతో అంతకుముందు మండే వాయువుకు భయపడి వదిలేసిన చోట్లకూ మనుషుల్ని దింపారు, తుప్పుపట్టిన, చిరిగిన జల్లెడలతోనే.

గనుల్లోకి కరెంటు వచ్చాక, 1900ల తొలి ఏళ్లలో, జర్మనీలోని గెల్సెన్‌కిర్షెన్‌లో కార్ల్ బైలింగ్ ఇదే సూత్రాన్ని మోటార్ల మీద పరీక్షించాడు. డబ్బాను గాలి చొరకుండా బిగించి లాభం లేదు. తిరిగే మోటారు వేడెక్కి గాలిని బయటకు ఊదుతుంది, ఆగి చల్లబడగానే బయటి గాలిని, అందులోని వాయువును పీల్చుకుంటుంది. అందుకే లోపల పేలితే పేలనివ్వాలి. గోడలు ఆ దెబ్బ కాయాలి, బయటికి వచ్చే వాయువు రెండు లోహపు అంచుల మధ్య సన్నటి సందులో సాగి, వేడి కోల్పోయి రావాలి. ప్రామాణిక పరీక్షలో 25 మిల్లీమీటర్ల వెడల్పు అంచుల మధ్య హెక్సేన్ మంటను ఆపే సందు 0.9 మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. హైడ్రోజన్‌కైతే 0.29, అంటే మూడు కాగితాల మందం. తయారీలో అంతకన్నా తక్కువే అనుమతిస్తారు.

మన దేశంలో ఇలాంటి డబ్బాలను వాయువుతో నింపి పేల్చి చూసే చోట్లలో ధన్‌బాద్ గనుల పరిశోధన సంస్థ ఒకటి. సింగరేణి భూగర్భ కార్మికులకు ఈ డబ్బా పాత పరిచయమే. నూనె మిల్లులోకి వచ్చాక దీన్ని చూసుకునే మనిషి మారాడు, చిక్కంతా అక్కడుంది.

వాన నీళ్లు దిగుతున్నాయని మూత కింద రబ్బరు గాస్కెట్ వేయడం మంచి ఫిట్టరుకు సహజంగా తోచే పని. ఇంకెక్కడైనా మెచ్చుకుంటాం. ఇక్కడ లోపల పేలితే ఆ రబ్బరు ఎగిరిపోతుంది, దాని మందమంత సందు మిగులుతుంది. అంచు మీద రంగు వేయకూడదు, ఆకురాయితో రుద్దకూడదు. తుప్పు పట్టకుండా గట్టిపడని గ్రీజు పల్చగా పూసి, మూత బిగించాక ఫీలర్ గేజ్ పెట్టి చూడాలి. ఎనిమిది బోల్టుల్లో ఒకటి పోతే ఏడున్నాయిగా అనడానికి లేదు, ఆ వైపు మూత పేలుడుకు లేస్తుంది. కరెంటు తీసి, తాళం వేసి, డబ్బా మీద రాసిపెట్టిన సమయం గడిచాకే విప్పాలి. తీగలు పరీక్షించే మెగ్గరే రవ్వ పుట్టించగలదు కాబట్టి, ముందు గ్యాస్ డిటెక్టర్‌తో చూసి, పర్మిట్ రాసుకున్నాకే దాన్ని బయటికి తీస్తారు.

దుమ్ముకు ఈ డబ్బా సరిపోదు. కారం పొడి, పత్తి దుమ్ము కూడా గాలిలో చిక్కగా లేస్తే మండేవే, అక్కడ దుమ్ము చొరని డబ్బా కావాలి. మోటారు మీద దూది పేరుకుంటే దుప్పటి కప్పినట్టే, వేడి బయటికి పోదు. సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో 2025 జూన్ 30న పేలిన కర్మాగారంలో తయారయ్యేది మందుబిళ్లల్లో కలిపే సెల్యులోజ్ పొడి. దూదిలో ఉండేదీ ఆ సెల్యులోజే. 40 మందికి పైగా చనిపోయారు.

మళ్లీ మన ఎఫ్‌ఎల్‌పీ దగ్గరికి వస్తే, పాత కేబుల్ తీసేసిన బొక్క ఒకటి మిగులుతుంది. అక్కడ అదే ధ్రువీకరణ ఉన్న మరలున్న బిరడా బిగించాలి. చేతికి అందిన చెక్కముక్క దిగ్గొట్టిన డబ్బా ఆ క్షణం నుంచి మామూలు డబ్బా. దాని నేమ్‌ప్లేటు మీద అక్షరాలు మాత్రం అలాగే ఉంటాయి.