మీకు తెలుసా? ఆకు లేకుండానే పూసే అడవి ఉల్లి

బెంగళూరులోని హూడిలో మెట్రో వచ్చి, అపార్ట్‌మెంట్లు లేచి ఖాళీ జాగాలు కరిగిపోయాయి. అయినా ఊరు దాటి ఎర్రమట్టి బీళ్ల వైపో, రాతి గుట్టల వైపో వెళ్తే మండుటెండలో నేలను చీల్చుకుని వచ్చిన ఒంటి కాడ కనబడొచ్చు. కాడ నిండా పూలు, చుట్టూ ఒక్క ఆకైనా ఉండదు. అదే అడవి ఉల్లి. మనవాళ్లు నక్కవుల్లి అనీ అంటారు, అక్కడి కన్నడిగుల నోట ‘కాడు ఈరుళ్లి’. శాస్త్రనామం డ్రిమియా ఇండికా.

దీనికి ముందు పూత, తర్వాతే ఆకు. మార్చి నుంచి మే దాకా చినుకు లేకపోయినా గడ్డలోని నిల్వతోనే పూసేస్తుంది. ఆరు రేకులు, ఆరు కేసరాలు. రేకు అంచు తెలుపు, నడుమ గోధుమ పచ్చ చార. పూలు కాడ అడుగు నుంచి పైకి వరసగా విచ్చుకుంటాయి, ఒక్కో పువ్వు బతుకు మాత్రం ఒక రోజు దాటదు. మూడు గదుల కాయ ఎండి పగిలితే బల్లపరుపు నల్ల విత్తనాలు రాలతాయి. వానలు పడ్డాకే పట్టీల్లాంటి ఆకులు లేచి, ఖాళీ అయిన గడ్డను మళ్లీ నింపుతాయి.

ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చి సామర్లకోటలో మొక్కల తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్ దీన్ని ‘సిల్లా ఇండికా’ అన్నాడు. ఆయన పోయాక 1832లో అచ్చైన ‘ఫ్లోరా ఇండికా’లో ఆ పేరుంది. డ్రిమియాలోకి మారింది 1977లో.

పొరలు పొరలుగా ఉండే తెల్ల గడ్డను చూసి మోసపోవద్దు. ఉల్లికీ దీనికీ దగ్గరి చుట్టరికం లేదు, ఇది శతావరి కుటుంబానిది. కోస్తే కళ్లు మండించే ఉల్లి ఘాటు దీనికి లేదు. ఉన్నవల్లా గుండె కొట్టుకునే తీరునే మార్చేసే గ్లైకోసైడ్లు, చర్మాన్ని దురద పెట్టే సూదుల్లాంటి స్ఫటికాలు. కొలత తెలిసిన వైద్యుడి చేతిలో కఫం తెంచే మందు, కొలత తప్పితే విషం. మధ్యధరా తీరంలో పెరిగే దీని దాయాది ఎర్ర గడ్డతో ఎలుకల మందే చేశారు.

కాబట్టి కనిపిస్తే ఫొటో తీసుకోండి, గడ్డ తవ్వకండి. నాటువైద్యమని ఎవరు చెప్పినా నోట పెట్టకండి.