రెండు ప్లైవుడ్ షీట్ల పడవ

తెరచాప పడవల పందెం అనగానే సముద్రతీర నగరాలే గుర్తుకు వచ్చినా, తీరానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో దక్కను పీఠభూమి మీద వెలసిన హైదరాబాదులో, పాతబస్తీ నుంచి మూసీ దాటి ఉత్తరానికి వెళితే ఎదురయ్యే హుస్సేన్‌సాగర్ మీద, వానాకాలంలో బడిపిల్లలు ఒక్కొక్కరే కూర్చుని నడిపే బుల్లి పడవలు గుంపుగా పోటీ పడుతుంటాయి. ముక్కు కోసేసినట్లు ముందుభాగం మొండిగా ఉండే ఆ పడవ పేరు ఆప్టిమిస్ట్. ఇటువంటి పైకప్పు లేని చిన్న పడవలను డింగీలు అంటారు. వాటిలో పిల్లల కోసమే పుట్టి, ప్రపంచమంతా పాకినది ఇది.

దాని పుట్టుక 1947లో, అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రపు క్లియర్‌వాటర్ పట్టణంలో జరిగింది. ఇంజిను లేని చెక్కబండ్లను వాలు రోడ్డు మీద వదిలి పిల్లలు పందెం వేసుకునే ఆట అప్పట్లో అక్కడ ప్రసిద్ధం కాగా, దానికి సాటిగా నీటి మీద ఒక ఆట ఉండాలని మేజర్ క్లిఫర్డ్ మెకే తలపెట్టాడు. స్థానిక ఆప్టిమిస్ట్ క్లబ్బు అండగా నిలిచింది. పడవ పేరు అక్కడిదే. యాభై డాలర్లకు మించని ఖర్చుతో, ఇంటి దగ్గరే తండ్రీబిడ్డలు కలిసి చేసుకోగలిగే పడవ కావాలని కోరగా, పడవలు చేసే క్లార్క్ మిల్స్ ఆ పని చేపట్టాడు.

మిల్స్ ఊహను మలచినది ప్లైవుడ్ షీటు కొలత. ఈనాటికీ హైదరాబాదులో ఏ వడ్రంగిని అడిగినా ఎనిమిది బై నాలుగు అని చెప్పే ఆ షీట్లు రెండింటిలోనే పడవ మొత్తం తేలాలి. ఎనిమిది అడుగుల పొడవులో కొనదేలిన ముక్కు పెడితే పిల్లవాడు కూర్చునే చోటు తరిగిపోతుంది. అందుచేత ఆయన ముక్కునే తీసివేసి, ముందు కూడా అడ్డపలక బిగించాడు. అడుగు చదునుగా, పక్కలు నిటారుగా ఉన్న ఆ పెట్టెలాంటి పడవ చూపులకు అందమైనది కాకపోయినా, వెడల్పు వల్ల నీటి మీద నిలకడగా ఉంటుంది. చేతిలో ఉన్న చెక్కకు లొంగి గీసిన గీత ఇంత కాలం నిలవడం ఈ పడవ చరిత్రలో అన్నిటికంటే మెచ్చదగిన సంగతి.

పడవ నడిచే తీరు పాతబస్తీ పిల్లలకు సంక్రాంతి గాలిపటం ద్వారా ఇదివరకే తెలిసినదే. ధూల్‌పేటలో తయారైన పతంగి ఆకాశంలో నిలబడటానికి గాలి ఎంత అవసరమో, దాన్ని వెనక్కి లాగి పట్టే మాంజా కూడా అంతే అవసరం. మాంజా తెగిన మరుక్షణం పతంగి గాలివాటున కొట్టుకుపోతుంది. పడవలో మాంజా చేసే పనిని డాగర్‌బోర్డు, అంటే పడవ మధ్యలోని చీలిక గుండా నీటిలోకి దించే పలక, చేస్తుంది. తెరచాప గాలిని పక్కకు మళ్లించినప్పుడు పుట్టే బలం పడవను కొంత ముందుకూ చాలావరకు పక్కకూ నెడుతుంది. పక్కకు నెట్టే బలాన్ని ఆ పలక నీటిని ఆనుకుని అడ్డగించడంతో పడవ ముందుకు సాగుతుంది. ఈ కారణంగానే గాలి వచ్చే దిక్కుకు సుమారు 45 డిగ్రీల కోణంలో ఎదురెక్కడం సాధ్యమవుతుంది. సూటిగా గాలికి ఎదురు పోవడం మాత్రం ఏ తెరచాపకూ కుదరదు గనుక, ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకూ మళ్లుతూ వంకరటింకరగా వెళ్లాలి.

దాదాపు 3.3 చదరపు మీటర్ల ఆ నాలుగు మూలల తెరచాపలో, పైన వెనకవైపు మూలను స్ప్రిట్ అనే ఏటవాలు కర్ర ఎత్తి పట్టుకుంటుంది. దీనివల్ల తెరచాపకు పొడవాటి స్తంభం అక్కర్లేకుండా పోయింది. ఆ కర్ర బిగింపు ఎలా ఉందో గుడ్డ మీది ముడతే చెబుతుంది: వదులైతే స్తంభం పైమూల నుంచి కింద వెనక మూలకు, మరీ బిగిస్తే పై వెనక మూల నుంచి స్తంభం అడుగుకు, ఐమూలగా ఒక మడత పడుతుంది. పదేళ్ల పిల్ల ఆ మడత చూసి, కర్రను బిగించే తాడును ఒక్క పిసరు సరిచేసి, గాలి హెచ్చినప్పుడు పడవ ఒరగకుండా పాదాలను పట్టీ కింద ఇరికించి వెనక్కి వాలుతుంది.

1950ల్లో డెన్మార్కు నావికుడు ఆక్సెల్ డామ్‌గార్డ్ ఈ నమూనాను ఐరోపాకు తీసుకువెళ్లగా, 1962 నాటికి అంతర్జాతీయ పోటీ, 1965లో అంతర్జాతీయ సంఘం ఏర్పడ్డాయి. క్రమంగా చెక్క స్థానంలో ఫైబర్‌గ్లాస్ వచ్చింది. పొడవు 2.3 మీటర్లు, పడవ బరువు 35 కిలోలు. కొలతలన్నీ నియమాలకు కట్టుబడి ఒకేలా ఉండటంతో, డబ్బున్న ఇంటి పిల్లవాడు వేగమైన పడవ కొనుక్కుని గెలిచే దారి చాలావరకు మూసుకుపోయింది.

ఈ సమానత్వానికి హైదరాబాదులో ప్రత్యేకమైన విలువ ఉంది. సుహేం షేక్ స్థాపించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద కుటుంబాల పిల్లలకు ఈ పడవల మీద శిక్షణ ఇస్తూ, ఏటా మాన్‌సూన్ రెగట్టా పేరుతో పోటీలు నడుపుతోంది. రెగట్టా అంటే వరుస పందేల సమాహారం. చార్మినార్ కంటే దాదాపు మూడు దశాబ్దాల ముందు, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా ఏలుబడిలో హుస్సేన్ షా వలీ కట్టించిన ఈ చెరువు మీద నైరుతి రుతుపవనాల కాలంలో గాలి బలంగా వీస్తుంది. అయితే చుట్టూ కట్టడాలూ చెట్లూ ఉన్నందున అది ముక్కలు ముక్కలుగా విరిగి వస్తుంది; నీటి మీద నల్లబారిన అలల మచ్చ కదిలి వస్తుంటే, దాని వెనుక గాలిదెబ్బ ఉందని ముందే గ్రహించిన పిల్లదే పైచేయి.

ఈ పోటీలో ప్రతి పందేనికీ ఐదు నిమిషాల ముందు జెండా ఎగురుతుంది, కూత మోగుతుంది. కనబడని ఆరంభరేఖ వెనుక పడవలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కాచుకుంటాయి. ముందే దాటిన పడవ వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. గాలి కుడిపక్క నుంచి తగిలే పడవకు దారి హక్కు ఉంటుంది కాబట్టి, ఎదురుపడ్డప్పుడు "స్టార్‌బోర్డ్" అనే కేక వినిపిస్తుంది. మొదటి స్థానానికి ఒక పాయింటు, రెండో స్థానానికి రెండు చొప్పున వేసి, అతి తక్కువ మొత్తం వచ్చినవారిని విజేతగా ప్రకటిస్తారు. పందేలు తగినన్ని జరిగితే అన్నిటికంటే చెడ్డ ఫలితాన్ని తీసేస్తారు. ఒక్కసారి బోల్తాపడ్డ పిల్లవాడు, గాలి సంచుల బలంతో తేలుతున్న పడవను నిలబెట్టి, తాడుకు కట్టిన డబ్బాతో నీళ్లు తోడిపోసుకుని, పోటీ ముగిసేసరికి పట్టికలో పైకి రాగలగడం ఈ లెక్క వల్లనే.

పదిహేనేళ్లు నిండిన ఏడాదితో ఈ తరగతిలో పోటీపడే అర్హత ముగుస్తుంది. ఆ పిల్లలు పెద్ద డింగీలకు మారిపోగా, వారు వదిలిన పడవలో, అదే డబ్బా కాళ్ల దగ్గర పెట్టుకుని, ఇంకా తాడు ముడి సరిగా వేయడం రాని ఎనిమిదేళ్ల పిల్ల కూర్చుంటుంది.