ఇసుకను కాచువారు

వర్షకాలమున మనము రేడియోలో ప్రతిదినమును వరద వార్తలు వినుచుందుము. నాగార్జునసాగరమునుండి ఇన్ని క్యూసెక్కుల నీరు విడిచిరి, పులిచింతల నిండినది, ప్రకాశం బ్యారేజి వద్ద ఇన్ని గేట్లు ఎత్తిరి అని నీటి లెక్క పూటపూటకు తెలియుచుండును. ఆ నీటితో కూడ ఎంత ఇసుక వచ్చినది, ఎంత పోయినది అను లెక్క మాత్రము మన చెవిని పడదు. నీరు నదికి ప్రాణమని అందరు నెరుగుదురు. ఇసుక దాని శరీరమని తలచువారు కొందరే. ఆ ఇసుకను, దానినే నమ్ముకొని బ్రతికెడి ప్రాణులను కాచుటకు పూనుకొన్నవారు మరియు కొందరే. వారు ఎవరు, చేయు పని యెట్టిది, ఆ పని మన మెట్ట గ్రామములకు కూడ ఏల కావలెను అను విషయమును మేమిక్కడ వివరింపదలచితిమి.

కృష్ణానది ఎడమ ఒడ్డున, కంచికచర్ల మండలములో చెవిటికల్లు అను గ్రామము కలదు. నందిగామ, జగ్గయ్యపేటల మెట్టసీమ నదిని చేరెడి చోట్లలో ఇది యొకటి. చిరకాలము కృష్ణా జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ నెలలో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. 2021 ఆగస్టు 14వ తేదీన ఈ యూరి పేరు వార్తల కెక్కెను. ఇసుక కొరకు నదీగర్భములోనికి దిగిన లారీలు, ఎగువనుండి వరద హఠాత్తుగా పెరుగుటచేత, వచ్చిన దారి మునిగిపోయి నది నడుమ చిక్కుకొనినవి. అవి నూటికి మించియున్నవి. వాటిలోని డ్రైవర్లను, క్లీనర్లను పడవలపై ఒడ్డునకు చేర్చిరి. లారీల చుట్టును నీరు తిరుగుచుండగా తీసిన చిత్రములను చూచి అందరును అయ్యో యనిరి.

వరద తగ్గెను, లారీలు బయటపడెను, జనులు ఆ సంగతి మరచిరి. కాని ఆ చిత్రములలో ఒక లెక్క దాగియున్నది. లారీకి పది టన్నులే యనుకొన్నను, నూరు లారీలు ఒక్కసారి నిండినచో వేయి టన్నుల ఇసుక. ఒక్క యూరి రేవులో, ఒక్క దినమున! ఇట్టి దినములు సంవత్సరములో ఎన్ని, ఇట్టి రేవులు నది పొడవునను ఎన్ని యని యోచించినచో, ఆ నాడు ప్రమాదమున పడినది లారీలు మాత్రమే కాదని తోచును.

ఇసుక నదిలో నున్నప్పుడు ఏమి చేయుచున్నది? మెట్ట గ్రామముల పెద్దలకు ఈ ప్రశ్నకు జవాబు పుస్తకములు చూడకయే తెలియును. ఎండలు మండి బావులు అడుగంటినప్పుడు, ఏటిలోనికి పోయి ఇసుకను చేతులతో తోడి చెలమ తీసిన దినములు వారు మరువలేదు. ఇసుక రేణువుల నడుమ నుండు ఖాళీ, మొత్తము పరిమాణములో సుమారు మూడవ వంతు. అనగా నూరు బిందెల ఇసుక ముప్పది బిందెలకు పైగా నీటిని తనలో దాచుకొనగలదు. ఎండకు ఆ నీరు సులభముగా ఆవిరి కాదు. పైగా వడగట్టబడి తేటపడును. నదీగర్భమున త్రవ్విన ఊటబావులనుండి పల్లెలకును పట్టణములకును త్రాగునీరు తెచ్చుటకు ఇదియే ఆధారము.

ఈ ఇసుకను పరిమితికి మించి తోడివేసినచో నదీగర్భము పల్లమగును. పల్లము నెరుగునది నీరు. ఒడ్డున నున్న భూమిలోని నీరు ఆ గోతులవైపునకే దిగిపోవును. నది ప్రక్కనే పారుచుండగా ఊరిలోని బావి ఎండుటకు కారణ మిదియే. ఒడ్డులు కోసుకొనిపోవుట, వంతెనల పునాదులు బయటపడుట దీని తరువాతి మెట్లు. వేసవిలో ఇసుకతిన్నెలపై గ్రుడ్లు పెట్టెడి పక్షులకును నిలువ నీడ యుండదు.

పోయిన ఇసుకను వరద మరల తెచ్చును గదా యని కొందరందురు. పూర్వము తెచ్చెడిది. మహాబలేశ్వరము కడ పుట్టి సుమారు 1400 కిలోమీటర్లు ప్రయాణము చేసెడి కృష్ణ, దారిలోని కొండలను, నేలలను ఒరసికొనుచు ఇసుకను మోసికొని వచ్చెడిది. విజయవాడ వద్ద మొదటి ఆనకట్టను 1852-55 సంవత్సరముల నడుమ నిర్మించిరి. దాని స్థానమున ప్రకాశం బ్యారేజి 1957లో వచ్చెను. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. తరువాత శ్రీశైలము, పులిచింతల వెలసెను. ఈ కట్టడములు మన కిచ్చిన అన్నమును మేము తక్కువ చేయుట లేదు. కాని జలాశయములో నీరు నిలిచినప్పుడు, దానితో వచ్చిన ఇసుక అడుగున పేరుకొని అక్కడనే నిలిచిపోవును. ఇప్పుడు దిగువ నదికి దక్కెడిది, మున్నేరు వంటి ఉపనదులు తెచ్చినదియు, పూర్వము నుండి మిగిలియున్నదియు మాత్రమే. రాబడి తగ్గిన యింటిలో మూలధనమును తీసి ఖర్చు చేయుట వంటిది నేటి మన ఇసుక వ్యాపారము.

ఆ లోటు నది చివర స్పష్టముగా కనబడుచున్నది. కృష్ణా డెల్టా, నది తెచ్చిన ఒండ్రుతోను ఇసుకతోను వేలయేండ్లు కట్టబడిన నేల. నది ఇచ్చుట తగ్గినది. సముద్రము కోసికొనుట మానలేదు. అందుచేత తీరము కొన్ని చోట్ల వెనుకకు జరుగుచున్నది. 1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెనలో దివిసీమయందు వేలకొలది ప్రజలు మరణించిరి. అట్టి తీరమునకు ఇసుకమేటలును, వాటి వెనుకనున్న మడ అడవులును కోటగోడలు. కావున చెవిటికల్లులో పారతో తీసిన ఇసుకకును, నాగాయలంకకు దిగువనున్న పల్లెల క్షేమమునకును సంబంధము లేదనుకొనరాదు.

ఆ నది చివరి ఇసుకనే కొందరు రాత్రింబవళ్లు కాచుచున్నారు. వారి పని యెట్టిదో చూతము.

నదీముఖమున నున్న మడ అడవులను 1989లో కృష్ణా వన్యప్రాణి సంరక్షణ కేంద్రముగా ప్రకటించిరి. దాని వైశాల్యము సుమారు 195 చదరపు కిలోమీటర్లు. శీతకాలము నడిమి భాగమునుండి వేసవి తొలినాళ్లవరకు ఆలివ్ రిడ్లీ యను జాతి సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకై ఈ ప్రాంతపు ఇసుక తీరములకు వచ్చును. ఆడ తాబేలు రాత్రివేళ నీటినుండి వెలువడి, అలలు తాకని చోటు చూచుకొని, వెనుక కాళ్లతో మూరెడు లోతు గుంట త్రవ్వి, సుమారు నూరు గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తన బరువుతో అదిమి, మరల కడలిలోనికి పోవును. పిల్లలను చూచుటకు తిరిగి రాదు. ఆ గ్రుడ్లకు నక్కలు, కుక్కలు, అడవి పందులు శత్రువులు. కొన్ని తీరములలో మనుష్యులును వాటిని తినెడివారు.

ఈ గ్రుడ్లను కాపాడుటకు అటవీశాఖవారు తీర గ్రామముల మత్స్యకారులను, యానాదులను పనిలో పెట్టుకొనుచున్నారు. కొన్ని చోట్ల స్వచ్ఛంద సంస్థలు వారికి శిక్షణ యిచ్చి తోడ్పడుచున్నవి. మద్రాసులో విద్యార్థులు 1988లో సముద్రపు తాబేళ్ల సంరక్షణకై ఒక సంఘము నేర్పరచుకొని, అప్పటినుండి రాత్రులు తీరము వెంట నడచుచునే యున్నారు. అక్కడనే 2002లో ఆరంభమైన ట్రీ ఫౌండేషన్ అను సంస్థ తమిళనాడుతోపాటు మన ఆంధ్ర తీరమునను మత్స్యకార యువకులతో ఈ పని చేయించుచున్నది.

ఇందు మొదటివాడు నడచువాడు. చీకటిలో తీరము వెంట మైళ్లకొలది నడచి, ఇసుకపై ట్రాక్టరు చక్రపు జాడవలె నుండు తాబేటి జాడను గుర్తింపవలెను. టార్చిలైటు వెలుగు తాబేలుపై పడినచో అది గ్రుడ్లు పెట్టకయే తిరిగిపోవచ్చును. కావున వెలుతురు లేకయే చూచుట నేర్చుకొనవలెను. రెండవవాడు తీయువాడు. గ్రుడ్లను కొన్ని గంటలలోపల, దొర్లింపక, కుదుపక తీసి, కంచె వేసిన హేచరీకి చేర్చి, తల్లి త్రవ్విన లోతుననే మరల పాతవలెను. మూడవవాడు వ్రాయువాడు. ఏ తేదీన, ఏ చోట, ఎన్ని గ్రుడ్లు దొరికినవో పలకపై వ్రాసి ఆ గుంట వద్ద గ్రుచ్చును. 45 దినములు మొదలు 60 దినములలో పిల్లలు వెలువడును. ఎన్ని పొదిగినవి, ఎన్ని చెడినవి అనునది కూడ అతడే వ్రాయును. ఇసుక వేడిమి ఎక్కువైనచో ఆడపిల్లలును, తక్కువైనచో మగపిల్లలును ఎక్కువగా పుట్టును. అందుచేత ఎండను కనిపెట్టి నీడ కల్పించుట కూడ ఒక పని.

నాలుగవవాడు చెప్పువాడు. ఈతని పనియే అన్నిటికన్న కష్టమని మా యభిప్రాయము. ‘తాబేటి గ్రుడ్డు కంటె మా పిల్లల కూడు ముఖ్యము గాదా?’ అని అడిగెడి తోటి మత్స్యకారునకు కోపింపక జవాబు చెప్పవలెను. మరపడవల వలలలో చిక్కి ఊపిరాడక చచ్చెడి తాబేళ్లు అనేకములు. వలకు తాబేలు తప్పించుకొను ద్వారము నమర్చినచో కొంత చేప కూడ జారిపోవునని పడవవారి భయము. ఆ భయమును చట్టము చూపి మాన్పలేము. ఏప్రిల్ 15వ తేదీనుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషేధము వలన చేపలు పెరుగునని అనుభవమువలన వారే గ్రహించిరి. అట్లే దీనిని కూడ తమవాని నోట విన్నప్పుడే వారు నమ్ముదురు.

వీరికి దొరకు ప్రతిఫల మేమి? కూలి కొద్దిది; ఋతువు ముగియగానే అదియు ముగియును. వేయి పిల్లలను సముద్రములో విడిచినచో వాటిలో ఒకటి పెరిగి పెద్దదగుట గొప్పయని శాస్త్రజ్ఞుల యంచనా. ఆ యొక్కటియు తిరిగి గ్రుడ్లు పెట్ట వచ్చునప్పటికి పదియేండ్లు దాటును. తాను విడిచిన పిల్ల తిరిగి వచ్చినదో లేదో ఆ కాచువానికి ఎన్నడును తెలియదు. అయినను మరుసటి యేడు మంచు పడుచుండగా అతడు మరల తీరమునకు నడచును. పర్యావరణ పరిరక్షణ యను పెద్దమాటకు అర్థము ఈ నడకలో నున్నది.

ఇప్పుడు మరల చెవిటికల్లు ఒడ్డునకు వత్తము. నదీముఖమున తాబేటి గ్రుడ్లకు కావలి కలదు; మెట్టలో నది ఇసుకకు కావలి యెవరు? చట్టములు లేకపోలేదు. 2002లో జల, భూ, వృక్ష సంరక్షణ చట్టము మన రాష్ట్రమున వచ్చినది. 2012 ఫిబ్రవరి 27వ తేదీన సుప్రీంకోర్టు, చిన్న ఇసుక క్వారీలకు సైతము పర్యావరణ అనుమతి ఉండవలెనని ఆదేశించినది. వానకాలమున నదిలో ఇసుక తీయరాదని 2016 నాటి కేంద్రప్రభుత్వ మార్గదర్శక సూత్రములు చెప్పుచున్నవి. 2014లో ఇసుక అమ్మకపు బాధ్యతను మహిళా సంఘముల కప్పగించిరి. 2016 మార్చిలో ఉచిత ఇసుక విధానము రాగా అది ముగిసెను. అమ్ముట వేరు, కాచుట వేరు. కాచు బాధ్యతను ఊరివారి కెవరును అప్పగింపలేదని మనము తలంచుచున్నాము. అది పొరపాటు.

2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థ పరిధిలోను ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ యుండవలెను. 2004 నాటి నియమములలో, అధ్యక్షుడుగాక ఆరుగురికి మించని సభ్యులనియు, వారిలో మూడవ వంతుకు తక్కువగాక స్త్రీలుండవలెననియు నిర్దేశించిరి. ఊరిలోని చెట్టు, పుట్ట, పక్షి, చేప, పంట అన్నిటిని ఒక పుస్తకములో వ్రాసి యుంచుట ఈ కమిటీ ముఖ్యమైన పని. అనేక గ్రామములలో ఇది కాగితముపైననే కలదు. కాని కాగితముపై నున్నదానిని నడిపించుట, లేనిదానిని పుట్టించుటకంటె సులభము.

ఆ కమిటీవారు చేయదగిన పనులు పెద్దవి గావు. నెలకొకసారి ఊరి బావిలో త్రాడు వేసి నీటి లోతు కొలిచి వ్రాయవచ్చును. వరద తీసిన పిమ్మట ప్రతి సంవత్సరము ఒకేచోట నిలిచి ఏటి ఫొటో తీసి యుంచవచ్చును. వేసవిలో ఇసుకతిన్నెలపై ఏ పక్షి గ్రుడ్లు పెట్టినదో చూడవచ్చును. వానకాలమున నదిలోనికి బండ్లు దిగినచో తేదీ, వేళ వ్రాసి రెవిన్యూ అధికారులకు పంపవచ్చును. లారీల కడ్డుపోయి తగవులాడుట వీరి పని గాదు. తేదీతోను అంకెతోను కూడిన ఒక వ్రాతపుస్తకమునకు అధికారుల వద్దను న్యాయస్థానమునందును గల బలము, వంద కేకలకు లేదు.

ఇల్లు కట్టుకొనువానికి ఇసుక కావలెను. ఇసుక ఎత్తెడి కూలీకి అందు కూడు కలదు. దీనిని కాదనువారి మాట ఊరిలో ఎవరును వినరు. రాతిని పిండిచేసి తీయు ఇసుక కొంతవరకు అక్కరకు వచ్చుచున్నది. దానికై కొండలను త్రవ్వుటయు నష్టమే. కావున ఎంత తీయవచ్చును, ఎచట తీయవచ్చును, ఎప్పుడు ఆపవలెను అను లెక్క కావలెను. ఆ లెక్క దూరమున కూర్చున్నవారికంటె, నది ప్రక్కన పుట్టి పెరిగినవారికి బాగుగ తెలియును. వారు వ్రాసి పెట్టనిచో ఎవరికిని తెలియదు.

ఈ వర్షకాలమున రేడియోలో వరద వార్త వచ్చినప్పుడు, ఏటి ఒడ్డున కాపురమున్న మన పాఠకులు ఒక్క పని చేయవలెనని మా కోరిక. వరద తీసిన మరునాడు పిల్లలను వెంటబెట్టుకొని ఒడ్డునకు పోయి, ఇసుక ఎంత వచ్చినది, పోయిన సంవత్సరపు తిన్నె ఎంత మిగిలినది చూచి, ఒక నోటుపుస్తకములో వ్రాయుడు. నదిని కాచు సంఘమునకు సభ్యత్వము అక్కడనే మొదలగును.